విద్యుత్తునకు కుంచము

నిరుడు సంక్రాంతి పండుగకు మా అన్నగారి మనుమడు అమెరికానుండి వచ్చుచు, ఇంటిలోని ఆడువారికి శ్రమ తగ్గునని తలచి, తానక్కడ వాడుకొనుచుండిన రైసు కుక్కరు నొకదానిని వెంట తెచ్చెను. దాని ప్లగ్గు మన గోడకు పట్టలేదు. నేనే బజారునకు మనిషిని పంపి చిన్న మార్పుడు ప్లగ్గు తెప్పించి, దానిని తగిలించి, మీట నొక్కితిని. అన్నముడుకుటకు ముందే కాలిన వాసన వచ్చెను. పిల్లవాడు పరుగెత్తుకొని వచ్చి, "తాతయ్యా, అడుగున వ్రాసియున్నది చూడలేదా?" అని యడిగెను. కుక్కరును బోర్లించి, కండ్లజోడు పెట్టుకొని చూచితిని. 120 వోల్టులు అని యున్నది. మన గోడలో నుండునది 230 వోల్టులు. వోల్టులు రెట్టింపునకు చేరువైనచో వేడిమి రెట్టింపై యూరకుండదు. మూడున్నర రెట్లకు మించిపోవును. పాపము, ఆ కుక్కరు ఎట్లు తాళగలదు?

పాత్ర పోయినందులకు నాకంతగా విచారము కలుగలేదు. ఆ రాత్రి నిద్ర పట్టక నేనాలోచించిన విషయము వేరు. అమెరికాలో వ్రాసిన 120 వోల్టులును, మన గోడలోని 230 వోల్టులును ఒకే వోల్టుతో కొలిచినవి. కొలపాత్ర ఒక్కటే. అందుచేతనే గదా తప్పెక్కడనున్నదో పిల్లవాడు క్షణములో చెప్పగలిగెను! దేశదేశములవారును ఒకే కొలతకు సమ్మతించినప్పుడు, కొలిచి పోయు పరిమాణమునకును, గోడలోని రంధ్రములకును ఏల సమ్మతింపలేదు? ఈ ప్రశ్నకు సమాధానము నూటయేబది సంవత్సరములకు పైబడిన చరిత్రలో కలదు. అదియే నేటి నా ప్రసంగము.

కొలతల చిక్కు మన పెద్దలకు క్రొత్త కాదు. కుంచము, మానిక, తవ్వ, సోల, గిద్ద అను పేర్లు తెలుగుదేశమంతట నొక్కటియే. కాని ఒక తాలూకా కుంచము పొరుగు తాలూకా కుంచముతో సరిపోయెడిది కాదు. ధాన్యము అమ్మువాడు ఒక కుంచముతోను, కొనువాడు మరియొక కుంచముతోను వచ్చి కళ్లములో తగవులాడుట మా తాతగారు చెప్పగా వింటిని. 1956లో పార్లమెంటు శాసనము చేసిన పిదప, కొలది సంవత్సరములలో వీశెయు సేరును పోయి కిలోగ్రాము వచ్చెను. ధాన్యపు కొలతకే యింత పాటుపడవలసి వచ్చినచో, కంటికి కనబడనిదియు చేతికి దొరకనిదియు నగు విద్యుత్తును కొలుచుటకు కుంచ మెవరు చేయవలెను?

1860 ప్రాంతమువరకు అట్టి కుంచము లేదు. విద్యుత్తు తీగలో పోవునప్పుడు తీగ దానికి కొంత అడ్డు చెప్పును. దీనినే నిరోధమందురు. తీగ పొడవైనకొలది నిరోధము హెచ్చును, లావైనకొలది తగ్గును. ఇంగ్లండులో దీనిని మైలు పొడవు రాగితీగతో పోల్చి చెప్పెడివారు. ఫ్రాన్సులో కిలోమీటరు ఇనుపతీగతోను, జర్మనీలో వారి మైలు పొడవు ఇనుపతీగతోను చెప్పెడివారు. రాగి యెంత శుద్ధమైనదో, తీగ యెంత సమముగా సాగినదో, దానినిబట్టి మైలుకు మైలు భేదించుచుండెడిది. పొరుగు తాలూకా కుంచము వంటి వ్యవహారమే!

ప్రయోగశాలలో కూర్చుండిన పండితుని కిది యొక ఇబ్బందియే కాని ప్రమాదము కాదు. ప్రమాదము సముద్రగర్భమునుండి వచ్చెను. 1858 ఆగస్టులో ఐర్లాండునుండి ఉత్తర అమెరికా తీరమునకు అట్లాంటికు మహాసముద్రపు అడుగున టెలిగ్రాఫు తీగ వేసిరి. విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షునకు పంపిన తొలి సందేశములో 98 మాటలు కలవు. అవి చేరుటకు దాదాపు 16 గంటలు పట్టెను. అయినను జనులు వీధులలో ఉత్సవములు చేసికొనిరి. ఆ సంస్థకు విద్యుద్విషయములలో అధికారిగా నుండినవాడు వైట్‌హౌస్ అను శస్త్రవైద్యుడు. సంకేతములు మందముగా వచ్చుచున్నవని యతడు పెద్ద పెద్ద తీగచుట్టలనుండి మహాతీవ్రమైన విద్యుత్తును ఆ తీగలోనికి పంపెను. అది సుమారు 2,000 వోల్టులని పిదప లెక్కకట్టిరి. అప్పటికి వోల్టు అను మాటయే పుట్టలేదు. మొదలే సరిగా తయారుకాని తీగ. సెప్టెంబరు ప్రారంభమునకే అది మూగవోయెను.

మనకు సంబంధించినది మరియొకటి కలదు. 1859, 1860 సంవత్సరములలో సూయెజునుండి ఎఱ్ఱసముద్రము మీదుగా కరాచీకి, అనగా హిందూదేశమునకు, తీగ వేసిరి. ఆ సంస్థ పెట్టుబడిపై వడ్డీకి ఇంగ్లీషు ప్రభుత్వము పూచీపడెను. ఆ తీగ వేసిన కొలదికాలమునకే తావుతావున తెగి చెడిపోయెను. తీగ సముద్రము పాలైనను పూచీ మాత్రము బ్రతికియుండెను. వార్త రాని తీగకు ప్రభుత్వము ఏటేట సొమ్ము చెల్లింపవలసి వచ్చెను. ఖజానాకు నష్టము తగిలినప్పుడు గాని ప్రభుత్వములకు శాస్త్రముపై శ్రద్ధ కలుగదని నా యభిప్రాయము. వెంటనే విచారణసంఘ మేర్పడి 1861లో నివేదిక ఇచ్చెను.

నిరోధమునకు సరియైన కొలత యుండిన ప్రయోజనమేమో యొక ఉదాహరణముతో చెప్పెదను. సముద్రములో వేయి మైళ్ల తీగ యున్నది, ఎచ్చటనో తెగినది. ఓడను పంపి వేయి మైళ్లును వెదకుట సాధ్యమా? మైలు తీగకు నిరోధమెంతయో ముందుగనే కొలిచి వ్రాసి యుంచుకొన్నచో, ఒడ్డున కూర్చుండి, తెగినచోటువరకు గల నిరోధమును కొలిచి, మైలు నిరోధముచేత భాగించినచో చెడినచోటు ఇంచుమించుగా తెలియును. ఓడ తిన్నగా నచ్చటికే పోవచ్చును. కాని తీగ చేసిన కర్మాగారములో నొక కొలతయు, ఒడ్డున నున్నవానిచేత మరియొక కొలతయు నున్నచో ఓడ పోవుట యెచ్చటికి?

కావుననే 1861లో మాంచెస్టరునందు జరిగిన బ్రిటిషు అసోసియేషను సభలో లాటిమర్ క్లార్కు, చార్లెస్ బ్రైటు అను ఇద్దరు టెలిగ్రాఫు ఇంజనీర్లు, విద్యుత్కొలతలన్నియు నొకదానితో నొకటి ముడివడియుండవలెననియు, వానికి శాస్త్రజ్ఞుల పేళ్లు పెట్టవలెననియు ఒక పత్రము చదివిరి. విలియం థాంసను ప్రేరణమున అక్కడనే ఒక సంఘ మేర్పడెను. లార్డు కెల్విను అని తరువాత లోకమెఱిగినది ఈ థాంసనునే. క్లార్కు, బ్రైటులు మాటలతో నూరకుండిన వారు కారు. 1864లో పారసీక సింధుశాఖలో కరాచీవైపు వేసిన తీగకు వారే ఇంజనీర్లు. ఆ తీగను తయారగుచుండగనే పలుమారులు కొలిచి పరీక్షించిరి. ఆ తీగ నిలిచినది.

సంఘము వారికి కావలసినది ఏదో యొక తీగముక్క కాదు. పొడవు, బరువు, కాలము అను మూడు కొలతలనుండియే పుట్టవలసిన కొలత. 1863లో లండను కింగ్స్ కాలేజీలో జేమ్స్ క్లార్కు మాక్స్‌వెల్, బాల్ఫోర్ స్టూవర్టు, ఫ్లీమింగ్ జెంకిను అను మువ్వురు ఒక తీగచుట్టను వేగముగా త్రిప్పిరి. భూమికి గల అయస్కాంతశక్తి వలన అట్లు తిరుగు చుట్టలో విద్యుత్తు పుట్టును. నడుమ వ్రేలాడు చిన్న అయస్కాంతము ప్రక్కకు తొలగును. తిరుగు వేగము, చుట్ట కొలత, అయస్కాంతము తొలగిన కోణము, ఈ మూడింటినిబట్టి ఆ చుట్ట నిరోధమును లెక్కగట్టవచ్చును. విద్యుత్తు స్వరూపమును సమీకరణములలో బంధించిన మహనీయుడు, తీగచుట్ట త్రిప్పుచు వేగమును లెక్కించుచు కూర్చుండుట నాకెప్పుడును ముచ్చటగా తోచును. వారి ఫలితమునుబట్టి 1865లో ప్రమాణపు చుట్టలు చేసి పంపిరి. అందులో నూటికి ఒకటికి పైగా లోపమున్నదని లార్డు రేలీ మున్నగువారు పిదప కనుగొనిరి. లోపమున్నను అందరికిని ఒకే లోపము గనుక పని సాగెను.

ఇంతలో బెర్లినునందు వెర్నర్ సీమెన్సు వేరొక కొలత నేర్పరచెను. మీటరు పొడవును, ఒక చదరపు మిల్లీమీటరు మందమును గల పాదరసపు ధార, మంచు కరగు చల్లదనములో, ఎంత అడ్డు చెప్పునో అది ఒకటి. ఇది 1860 నాటి మాట. పాదరస మెచ్చటనైనను శుద్ధిచేసి పొందవచ్చును. గాజుగొట్ట మెవడైనను చేసికొనవచ్చును. జర్మనులు దీనినే పట్టిరి. ఇంగ్లీషువారు తమ చుట్టను పట్టిరి. ఇద్దరి వాదమునందును న్యాయమున్నది. ఒకరి కొలత సిద్ధాంతమునకు సరిపడునది. ఒకరిది చేతికి సులభమైనది.

1881 సెప్టెంబరులో పారిసునందు విద్యుత్పండితుల అంతర్జాతీయ మహాసభ జరిగెను. పదేండ్లక్రిందటనే జర్మనులు ఆ పారిసునే ముట్టడించి యుండిరని మరువరాదు. అట్టి నగరములో జర్మనులు, ఫ్రెంచివారు, ఇంగ్లీషువారు ఒకే బల్లచుట్టు కూర్చుండి ఒక కొలతకై వాదించిరి. తుదకు కుదిరిన సంధి యేమనగా: కొలత విలువ ఇంగ్లీషువారి సిద్ధాంతమునుబట్టి, దానిని చూపు పదార్థము జర్మనుల పాదరసము, ఆ పాదరసపు ధార పొడవెంతయో అన్ని దేశములవారు మరల కొలిచి నిర్ణయించునది. 1893లో చికాగోసభయందు అది 106.3 సెంటీమీటర్లని స్థిరపరచిరి. ఇక పేళ్ల సంగతి. నిరోధమునకు ఓము, జర్మనుని పేరు. ఒత్తిడికి వోల్టు, ఇటలీవాడు వోల్టా పేరు. ప్రవాహమునకు ఆంపియరు, ఫ్రెంచివాని పేరు. నిలువకు ఫారడు, ఇంగ్లీషువాడు ఫారడే పేరు. మన పెండ్లిపందిళ్లలో ఇరువైపులవారికిని తాంబూలములిచ్చిన ట్లున్నది గదా! అందరి పెద్దలకును గౌరవము దక్కెను. ఎవ్వరును అలిగి పోలేదు.

కొలత కుదిరినది. కాని వస్తువుల సంగతి తేలలేదు. 1904లో సెయింట్ లూయీ నగరములోని సభ, యంత్రములకును పేళ్లకును ఏకరీతి కల్పింప నొక శాశ్వతసంఘ ముండవలెనని తీర్మానించెను. 1906 జూనులో లండనునందు అంతర్జాతీయ విద్యుత్సాంకేతిక సంఘము పుట్టెను. మొదటి అధ్యక్షుడు లార్డు కెల్విను. కార్యదర్శి చార్లెస్ లె మేస్త్రు. ఈ సంఘమునకు సైన్యము లేదు, శాసనాధికారము లేదు. అది వ్రాసినది అంగీకరించుటయో మానుటయో ఆయా దేశముల యిష్టము. అయినను దాని మాట ఎంతదూరము చెల్లినదో చూడుడు. 1913లో శుద్ధమైన రాగితీగకు నిరోధమెంత యుండవలెనో అది నిర్ణయించెను: మీటరు పొడవు, చదరపు మిల్లీమీటరు మందము గల తీగకు ఓములో 58వ వంతు. నేడు మోటారు చుట్టించుటకు కొను రాగితీగ మంచిదో కాదో చెప్పవలసినచో ఆ లెక్కతోనే పోల్చి చెప్పుదురు. మీరు టార్చిలైటులో వేయు పెద్ద బ్యాటరీ ఏ దేశమున కొన్నను ఆ గొట్టములో సరిపడుట ఈ సంఘపు వ్రాతవలననే.

మరి వోల్టుల మాట? ఇక్కడ కాలమే తప్పినది. ఎడిసను తన తొలి దీపములను 110 వోల్టుల ప్రాంతమున వెలుగునట్లు చేసెను. అమెరికాలో ఇల్లిల్లును అవి పాకెను. వోల్టులు రెట్టింపుచేసినచో అదే పనికి ప్రవాహము సగమగును. తీగలో వృథాయగునది నాలుగవ వంతునకు దిగును. రాగి ఖర్చు తగ్గును. ఈ లాభము చూచి బెర్లిను విద్యుత్సంస్థ 1899 ప్రాంతమున 110 నుండి 220కి మారెను. వాడుకదారుల పరికరములు మార్చు ఖర్చు తానే భరించెను. యూరపు ఆ దారిని బట్టెను. అమెరికావారికి అప్పటికే దీపములు లెక్కకు మించి యుండుటచే వారు మారలేదు. ఇంగ్లండులో నది యింకను వింత. మొదటి మహాయుద్ధము నాటికి ఒక్క లండను మహానగరములోనే 24 తీరుల వోల్టులును, సెకనుకు ఇన్నిమారులు దిశ మారవలెనను విషయములో 10 తీరుల లెక్కలును ఉండెను. వీధి దాటి యిల్లు మారినవాడు తన దీపములు పారవేసికొని క్రొత్తవి కొనవలసియుండెడిది.

ఆలస్యమునకు చెల్లించిన వెల యెంతయో చూపుటకు జపానును మించిన సాక్ష్యము లేదు. 1895లో టోకియో సంస్థ జర్మనీ యంత్రములు కొనెను. వాని విద్యుత్తు సెకనుకు 50 ఆవర్తనములు గలది. మరుసటి యేడు ఒసాకావారు అమెరికా యంత్రములు కొనిరి; అవి 60 ఆవర్తనములవి. ఇద్దరు వర్తకులు వేరువేరు కొట్లలో సరకు కొన్నారు, అంతే. ఆ దేశము నేటికిని తూర్పు 50, పడమర 60గా చీలియున్నది. 2011 మార్చి 11వ తేదీన భూకంపమును సముద్రపు పొంగును వచ్చి తూర్పుదేశపు విద్యుత్కేంద్రములు పడిపోయెను. పడమట విద్యుత్తున్నది, కాని ఒకదానిని మరియొకటిగా మార్చి పంపు యంత్రముల శక్తి అప్పటికి పది లక్షల కిలోవాట్లు మాత్రమే. కొఱత దానికి ఎన్నో రెట్లు. టోకియో ప్రాంతమున వంతులవారీగా దీపము లార్పవలసి వచ్చెను. ఇంత జరిగిన పిదపను, 2021 నాటికి ఆ శక్తిని 21 లక్షల కిలోవాట్లకు పెంచిరే కాని, రెండింటి నొక్కటి చేయ సాహసింపలేదు. ఇంటింట, కార్ఖాన కార్ఖానయందును మార్చుట ఎవరి తరము?

ఇప్పుడు నా రాత్రి ప్రశ్నకు బదులు చెప్పగలను. కొలతకు సమ్మతించినది వ్యాపారము పెరుగక ముందు. అప్పటికి మార్చవలసినవి ప్రయోగశాలలోని కొన్ని చుట్టలు. గోడలోని రంధ్రములకు సమ్మతింప బూనినది గోడలన్నియు కట్టిన తరువాత. అంతర్జాతీయ సంఘము ప్రపంచమంతటికి నొకే ప్లగ్గును వ్రాసి ప్రకటించినది 1986లో. బ్రెజిలు, దక్షిణాఫ్రికాలు తప్ప దానిని చేపట్టినవారు అరుదు. వోల్టులయందు కొంత నయము: ఆ సంఘము 1983లో 230 అని నిర్ణయించగా, 220 వాడు యూరపును, 240 వాడు బ్రిటనును, మనమును పేరునకైనను ఆ మధ్యమార్గమునకు వచ్చితిమి. సెల్లుఫోనుకు తగిలించు త్రాడు విషయములో ఈమారు కొంత ముందుగా మేలుకొనిరి. 2024 డిసెంబరునుండి యూరపులో క్రొత్త ఫోనులన్నిటికి ఒకే మూతి యుండవలెనని శాసనము చెల్లుచున్నది. మా యింటి సొరుగులో నున్న పనికిరాని త్రాళ్లు లెక్కించినచో ఇదియు ఆలస్యమే యందును.

మన దేశపు సంగతి. స్వరాజ్యమునకు కొన్ని నెలల ముందు, 1947 జనవరిలో, భారత ప్రమాణసంస్థ పని ప్రారంభించెను. డాక్టరు లాల్ చంద్ వర్మను దానికి తొలి డైరెక్టరు. అది ప్రకటించిన మొట్టమొదటి ప్రమాణము యంత్రమునకు కాదు, మన జాతీయపతాకమునకు. ఏ కొలత, ఏ రంగు, ఏ నేత యుండవలెనో 1951లో వ్రాసిరి. 1952 నాటి శాసనముతో ఐ. యస్. ఐ. ముద్ర వచ్చెను. సంస్థ పేరు 1987లో మారినను ముద్ర నేటికిని అదియే. మన మూడు గుండ్రని కాళ్ల ప్లగ్గు ఇంగ్లీషువారు 1934లో వ్రాసికొన్న ప్రమాణమునుండి వచ్చినది. వారు 1947లోనే బల్లపరుపు కాళ్ల ప్లగ్గునకు మారిపోయిరి. వారు విడిచిన చొక్కాను మనము తొడుగుకొని యున్నాము.

ఆ చొక్కాకు మంచి గుండీ యొకటి కలదు. పై కాలు తక్కిన రెండింటికంటె లావు, పొడుగు. ఇది అందమునకు కాదు. ప్లగ్గు దూర్చునప్పుడు ముందుగా అదియే తగులవలెను. తీయునప్పుడు చివరగా విడివడవలెను. అది భూమికి పోవు తీగ. యంత్రపు లోపలి తీగ జారి పై ఇనుపతొడుగును తాకినచో, విద్యుత్తు మనిషి గుండెమీదుగా పోక ఈ కాలి ద్వారా భూమిలోనికి పోవుటకే ఆ యేర్పాటు. ఆ కాలు వెనుక తీగ లేనిచో అది ఉత్త ఇత్తడిముక్క.

ఇది నాకు పుస్తకములో తెలిసినది కాదు. కుక్కరు కాలిన మూడవనాడు, ఆ గోడను చూచుటకు విద్యుత్తుపని చేయు కుఱ్ఱవానిని పిలిపించితిని. అతడు పలక విప్పి చూచి, "అయ్యగారూ, పై కంతకు తీగ యేదండీ?" అనెను. ఇల్లు కట్టించినప్పుడు మూడవతీగ దండుగ ఖర్చని మేస్త్రితో చెప్పి మానిపించినది నేనే. ఇరువదియేండ్లుగా మా కోడలు తడిచేతులతో నీళ్లు కాచు యంత్రమును, ఇస్త్రీపెట్టెను ఆ గోడకే తగిలించుచున్నది. మేము నాలుగు రూపాయలు మిగిల్చితిమనుకొంటిమి. ఆమె బ్రతికియుండుట మా జాగ్రత్త వలన కాదు.

మరునాడే పెరటిలో నిలువెత్తు గొయ్యి త్రవ్వించి, ఇనుపగొట్టము దింపి, చుట్టును బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా వేయించి, అక్కడినుండి ప్రతి గదికిని మూడవతీగ లాగించితిని. ఆ గుంట ఎండరాదట. ఎండినచో భూమి విద్యుత్తును పుచ్చుకొనదట. వేసవిలో ప్రతి సాయంకాలమును అందులో రెండు బిందెల నీరు పోయుట ఇప్పుడు మా యింటిలో నా పని.